హౌస్ ఫుల్ అయినా నష్టమే: మారిషస్‌లో ఒక నాటక బృందం కేస్ స్టడీ

ఈ కేసులో బృందం పేరు, ఊరు, మనుషుల పేర్లు రాయడం లేదు. మారిషస్ చిన్న దేశం, నాటకాలవాళ్ళంతా ఒకరికొకరు తెలుసు. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, బృందం అంకెలు కొంచెం అటూ ఇటూ సవరించాను. నిర్ణయాలు, వాటి వెనక మేం వేసుకున్న లెక్కలు మాత్రం జరిగినట్టే ఉన్నాయి. నేను నటుణ్ణి కాదు. ఆంధ్రాలో పరిషత్తు నాటకాలకు లైట్లు వేస్తూ మొదలుపెట్టి, తర్వాత నాటక సంస్థలకు బడ్జెట్లు, టూర్లు చూసే పనిలో పడ్డాను. ఆ పని మీదే ఈ దీవికి వచ్చాను.

నేపథ్యం

మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. పాత కృష్ణా జిల్లాలో పావు వంతు కూడా ఉండదు. జనాభా పన్నెండున్నర లక్షల పైచిలుకు. అయినా నాటకానికి ఇక్కడ చాలా పాత చరిత్ర ఉంది. రాజధాని పోర్ట్ లూయిస్‌లో నాటకశాల 1822లోనే తెరిచారు. ధార్వాడ నాటక సమాజం 1880లో రాజమండ్రి వచ్చి మనవాళ్ళకి నాటకాల పిచ్చి పట్టించడానికి యాభై ఏళ్ళకు పైగా ముందన్నమాట. కాకపోతే ఆ హాలు ఫ్రాన్సు నుంచి ఓడల్లో వచ్చే బృందాలది, వాటిని చూసే దొరలది. రోజ్ హిల్ ఊళ్ళో ప్లాజా అనే నాటకశాల 1930లలో వచ్చింది. మా కేసు నడిచిన 2017-2023 మధ్య చాలాకాలం ఈ రెండు పాత హాళ్ళూ మరమ్మతుల కోసం మూసే ఉన్నాయి.

భాషల సంగతి తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. ఇంట్లో ఎక్కువమంది మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి మాటల మీద ఇక్కడ పుట్టిన భాష. పేపర్లు ఫ్రెంచిలో, పరీక్షలు ఇంగ్లీషులో. పల్లెల్లో భోజ్‌పురి ఉంది. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, మాండరిన్ పూర్వీకుల భాషలుగా బడిలో చెబుతారు. తెలుగువాళ్ళని ఇక్కడ పాతకాలంలో 'కోరింగి'లు అనేవారు, కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు కనుక. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు. సాంస్కృతిక శాఖ ఒక్కో భాషకీ విడివిడిగా నాటకోత్సవం పేరుతో పోటీ పెడుతుంది, తెలుగులో కూడా.

మొదటిసారి ఆ పోటీ చూసినప్పుడు నవ్వొచ్చింది. వరసగా నాటకాలు, ముందు వరుసలో జడ్జీలు, వెనక పోటీ బృందాల చుట్టాలు, చివర్లో షీల్డులు. అచ్చం మన పరిషత్తే. ఆ జబ్బు కూడా అదే: మూడు నెలలు రిహార్సల్ చేసిన నాటకం ఒక్క రాత్రి ఆడి అటకెక్కుతుంది.

వచ్చిన సమస్య

2017లో నా దగ్గరికి వచ్చిన బృందంలో పదకొండు మంది. టీచర్లు, బ్యాంకు గుమాస్తా, హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ప్రభుత్వోద్యోగి ఒకాయన. ఆయనని పెద్దాయన అంటాను. ఇరవై ఏళ్ళుగా క్రియోల్, ఫ్రెంచి, తెలుగు పోటీల్లో బహుమతులు కొట్టినవాళ్ళు. 'ప్రొఫెషనల్ అవ్వాలి, పెద్ద ప్రొడక్షన్‌కి స్పాన్సర్ల కోసం బడ్జెట్ రాసిపెట్టండి' అన్నారు.

ప్రొఫెషనల్ అంటే ఏమిటని ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. దర్శకురాలికి అది నాణ్యత: మంచి హాలు, మంచి లైట్లు. కుర్రవాళ్ళకి జీతం. పెద్దాయనకి గౌరవం: 'మా నాన్న చెరుకు నరికాడు. నేను స్టేజీ ఎక్కితే ఇంట్లోవాళ్ళు ఇంకా సరదా అనే అంటారు.' ఒకే మాటకి మూడు అర్థాలు పెట్టుకున్న మనుషులు ఒకే బడ్జెట్ అడుగుతున్నారు. అక్కడే ఆగి తేల్చుకుని ఉండాల్సింది. ఆగలేదు, అది నా తప్పు.

ఒక ప్రశ్న మాత్రం వేశాను. పోయినేడు ఎన్ని రోజులు స్టేజీ మీద ఉన్నారు? లెక్కపెట్టి ఆరు అన్నారు. డబ్బు ముట్టిన రోజులు? సున్నా.

మొదటి ప్రయత్నం: పెద్ద నాటకం

వాళ్ళు అడిగిన పెద్ద ప్రొడక్షన్‌కే సరేనన్నాను. నా తర్కం ఇది: పేరు వస్తే స్పాన్సర్ వస్తాడు, స్పాన్సర్ వస్తే జీతాలు వస్తాయి. కథ మంచిది. ఇక్కడ చెరుకు మిల్లులు ఒక్కొక్కటే మూతపడి చివరికి మూడే మిగిలాయి. మిల్లు మూతపడిన ఊళ్ళో ఒక కుటుంబం కథ, క్రియోల్‌లో. రాజధానిలో నాలుగొందల సీట్ల హాలు అద్దెకు తీసుకున్నాం. నాలుగు నెలల రిహార్సల్, తిరిగే సెట్టు, అద్దె లైట్లు. ఆరు ప్రదర్శనలు అనుకున్నాం.

మొదటి నాలుగూ హౌస్ ఫుల్. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, పేపర్లో రాశారు. ఐదోది సగం ఖాళీ. ఆరోదానికి మేమే ఫోన్లు చేసి పిలిచాం.

ముగిశాక లెక్కలు చూసే కుర్రాడు బుకింగ్ జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పదిమందిలో ఏడుగురి పక్కన ఎవరి చుట్టమో, ఎవరి ఆఫీసో రాయగలిగాడు. 'మనం ప్రేక్షకులకు ఆడలేదండీ, పదకొండు పెళ్ళిళ్ళకి శుభలేఖలు పంచాం' అన్నాడు. హాలు అద్దె, లైట్లు, సెట్టు పోగా నటులకు దక్కింది టాక్సీ ఖర్చు. ఇద్దరు మానేశారు. స్పాన్సర్ వచ్చే ఏడాది చూద్దామన్నాడు. ఇక్కడ కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2009లో చట్టం వచ్చింది. 2017 నుంచి అందులో కొంత భాగం ప్రభుత్వ సంస్థకు వెళ్తోంది. కంపెనీ చేతిలో మిగిలిన డబ్బులో నాటకం వంతు చివర్లో వస్తుంది.

ఇంతకీ అక్కడ తప్పిందేమిటి? నాటకం బావుంది, ప్రచారమూ జరిగింది. తప్పింది గుణకారం. గుంటూరులో ఆడిన నాటకాన్ని తెనాలిలో ఆడితే ప్రేక్షకులు కొత్తవాళ్ళు. ఇక్కడ ఈ కొస నుంచి ఆ కొసకి గంటన్నర ప్రయాణం. డబ్బిచ్చి టికెట్ కొని రాత్రిపూట రాజధానికి వచ్చి క్రియోల్ నాటకం చూసేవాళ్ళు ఎంతమందో మా బుకింగ్ జాబితాయే చెప్పింది: రెండు వేలు దాటరు. నాలుగు రాత్రుల్లో దేశమంతా చూసేసినట్టే. నాలుగు రాత్రుల ఆదాయం మీద నాలుగు నెలల రిహార్సల్ నిలబడదు, ఎంత గొప్పగా ఆడినా సరే.

ఇంకొకటి చాలా ఆలస్యంగా తట్టింది. పల్లెలకి వెళ్ళే బస్సులు సాయంత్రం ఆరున్నర తర్వాత దాదాపు ఉండవు. మేం నాటకం పెట్టింది రాత్రి ఎనిమిదింటికి. కారు లేనివాణ్ణి మేమే గేటు బయట ఆపేశాం. మిల్లు కార్మికుల కథని మిల్లు కార్మికులు చూడలేదు. ఈ సంగతి పెద్దాయనే చెప్పాడు, అదీ నేను అడిగితే.

రెండో ప్రయత్నం: హోటళ్ళు

ప్రేక్షకులు తక్కువైతే ప్రేక్షకులు మారే చోటికి వెళ్ళాలి. అప్పట్లో ఏడాదికి దాదాపు పద్నాలుగు లక్షల మంది టూరిస్టులు, అంటే దేశ జనాభా కన్నా ఎక్కువ. వారం వారం కొత్త మొహాలే. కాగితం మీద ఇంతకన్నా మంచి మార్కెట్ లేదు. నలభై నిమిషాల ముక్క ఒకటి తయారుచేశాం, ఫ్రెంచి, ఇంగ్లీషు కలిపి, మధ్యలో ఇక్కడి జానపదమైన సెగా పాట. తీరంలో రెండు హోటళ్ళు ఒప్పుకున్నాయి, వారానికి రెండు రోజులు.

డబ్బు వచ్చింది, అదీ నెలనెలా. బృందం చరిత్రలో మొదటిసారి. అందుకే తప్పు జరుగుతోందని ఒప్పుకోవడానికి మాకు చాలాకాలం పట్టింది. జనం భోజనం చేస్తూ చూస్తారు. బానిస పారిపోయి కొండెక్కే ఘట్టం దగ్గర ఐస్‌క్రీమ్ వస్తుంది. మేనేజర్ మర్యాదస్తుడే, 'కొంచెం నవ్వించేది పెట్టండి' అన్నాడు. పెట్టాం. తర్వాత కొండ సీను తీసేయమన్నాడు. తీసేశాం. రెండు నెలలకి మిగిలింది డాన్సు.

మానేయాలా వద్దా అని మూడు మీటింగులు అయ్యాయి. దర్శకురాలు వెంటనే మానేద్దామంది. నేను వద్దన్నాను. నెలకింత ఖాయమనే సుఖం తెలిశాక వట్టి చేతుల్తో వెనక్కి వెళ్ళమంటే కుర్రవాళ్ళు నిలవరు. చివరికి నా మనసు మార్చింది కళ మీద గౌరవం కాదు, క్యాలెండర్. వారానికి రెండు రాత్రులు హోటల్లో పోతే, పగటి ఉద్యోగాలున్న మనుషులకి కొత్త నాటకం రిహార్సల్ చేసే టైమే లేదు. ఈ దారిలో ఐదేళ్ళు నడిచినా మా చేతిలో ఒక్క నాటకం ఉండదు. మానేశాం. ఇద్దరు హోటల్లోనే పర్మనెంటుగా చేరిపోయారు. మొన్న కలిశారు, హాయిగా ఉన్నారు, నన్ను చూసి జాలిపడ్డారు కూడా.

హోటల్ నుంచి తెచ్చుకున్నవి రెండు: రాతపూర్వక ఒప్పందం, సగం అడ్వాన్సు. అంతకుముందు ఇరవై ఏళ్ళలో ఈ బృందం ఎవరినీ అడ్వాన్సు అడగలేదు.

మధ్యలో విదేశీ దర్శకుణ్ణి పిలిపించి వర్క్‌షాప్ కూడా పెట్టాం. బాగా జరిగింది. దానివల్ల మారిందేమీ లేదు.

లాక్‌డౌన్‌లో దొరికిన పుస్తకం

2020 మార్చిలో దేశం మూతపడింది. స్వయం ఉపాధి మీద బతికేవాళ్ళకి ప్రభుత్వం నెలసరి సాయం ప్రకటించింది. మా వాళ్ళలో దానికి దరఖాస్తు పెట్టడానికి కాగితం ఉన్నది ఒక్కరికే. మిగతావాళ్ళు ఇన్నేళ్ళుగా నటులమని ఎక్కడా నమోదు కాలేదు, రసీదు కూడా లేదు.

అదే సమయంలో పక్క దీవి రీయూనియన్ సంగతి చదివాను. అది ఫ్రాన్సులో భాగం, ఇక్కడికి సుమారు రెండొందల కిలోమీటర్ల దూరం. ఫ్రెంచి పద్ధతిలో రంగస్థల కళాకారుడు పన్నెండు నెలల్లో 507 గంటల పని చూపిస్తే, పని లేని రోజులకి భృతి వస్తుంది. మాకు అలాంటి ఖజానా లేదు, ఆ ఆశ పెట్టుకోవడం అనవసరం. నన్ను పట్టుకున్నది అక్కడి కొలత. వాళ్ళు టికెట్లని, చప్పట్లని లెక్కపెట్టడం లేదు. పని గంటల్ని లెక్కపెడుతున్నారు.

మేం ఒక చిట్టా పుస్తకం తెరిచాం. ఒక్కో మనిషికి ఒక పేజీ. డబ్బు ముట్టిన ప్రతి రోజూ ఒక గీత. రిహార్సల్‌కి డబ్బిస్తే అదీ గీతే, ఇవ్వకపోతే గీత లేదు. ఆ తర్వాత ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో తూచాం: దీనివల్ల ఎన్ని గీతలు పెరుగుతాయి? పెద్ద నాటకాన్ని ఆ పుస్తకంలో పెట్టి చూస్తే మనిషికి ఆరు గీతలు వచ్చాయి. మా పరువు తీయడానికి ఆ ఒక్క పేజీ చాలు.

పనిచేసినది

ప్రేక్షకుణ్ణి హాలుకి రప్పించడం మానేసి, నాటకాన్నే ప్రేక్షకుడి దగ్గరికి తీసుకెళ్ళాం. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి నాటకం కొలతలే మార్చాల్సి వచ్చింది: నలుగురు నటులు, డెబ్బై నిమిషాలు, ఒక వ్యాన్లో పట్టే సెట్టు, పగటి వెలుతురులో కూడా ఆడగలిగే రచన. లైట్ల మనిషిగా నాకిది మింగుడుపడటం కష్టమైంది.

మొదటి కొనుగోలుదారు బడి. ఇక్కడ పెద్ద తరగతుల పరీక్షలు కేంబ్రిడ్జివి. ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న పిల్లలకి షేక్స్‌పియర్ తగులుతూనే ఉంటాడు. టీచరుకి నాటకం మీద ప్రేమ ఉన్నా లేకపోయినా పరీక్ష టెన్షన్ ఉంటుంది, పిల్లలకీ ఉంటుంది. అందుకని సిలబస్ నాటకంలోని ముఖ్య ఘట్టాలు ఇంగ్లీషులోనే ఆడాలని నిర్ణయించాం. అయితే ఒట్టి ఇంగ్లీషులో ఆడితే మేమూ ఇంకో గైడు పుస్తకమే అవుతాం.

దీనికి మందు నేను మన తోలుబొమ్మలాట నుంచి తెచ్చాను. రాముడు గంభీరంగా పద్యం చదువుతుంటే కేతిగాడు మధ్యలో దూరి అసలు సంగతేమిటో జనం భాషలో చెప్పిపోతాడు కదా. అలాంటివాణ్ణి ఒకణ్ణి పెట్టాం, క్రియోల్‌లో. రాజు ఇంగ్లీషులో ఉపన్యాసం దంచుతుంటే వీడు మధ్యలో ఆపి 'అంటే అప్పు తీర్చననేగా?' అంటాడు. ఆ వేషం వేసింది బ్యాంకు గుమాస్తా. క్రియోల్‌లో షేక్స్‌పియర్ పలకదనే వాదన ఇక్కడ చెల్లదు. ఇక్కడి రచయిత దేవ్ విరాసామి ఆ పని ఎప్పుడో చేసి చూపించాడు.

అయినా ఒక బడి పెద్ద ఒప్పుకోలేదు. క్రియోల్ వింటే పిల్లల ఇంగ్లీషు చెడుతుందన్నారు. ఈ మాట నేను చిన్నప్పటి నుంచీ విన్నదే, భాష పేరు ఒక్కటే మారింది. మేం వాదించలేదు. 2012 నుంచి ప్రాథమిక బడుల్లో క్రియోల్ ఒక సబ్జెక్టుగా ఉందని చెప్పినా ఆయన మనసు మారదు. ఆ బడి టీచర్లని పక్క బడి ప్రదర్శనకి పిలిచాం. ఆట అయ్యాక పిల్లలు నాటకం గురించి ఇంగ్లీషులో ప్రశ్నలడిగారు. రెండు నెలల తర్వాత ఆ బడి నుంచే ఫోను వచ్చింది.

రెండో కొనుగోలుదారు ఊళ్ళు. దాదాపు ప్రతి ఊళ్ళోనూ విలేజ్ హాలో, కమ్యూనిటీ సెంటరో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి ఆట, బస్సులుండగానే ఇంటికి. టికెట్లు ఆ ఊరి కొట్లో, ఇక్కడ బుతిక్ అంటారు, అమ్మకానికి పెట్టాం. మొదటి ఊళ్ళో మిల్లు నాటకమే చిన్నది చేసి ఆడాం. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన, నటుడు మిల్లు కూత వేయగానే లేచి నిలబడ్డాడు, డ్యూటీకి వెళ్ళేవాడిలాగా.

ఇక అన్నింటికన్నా నొప్పి పెట్టిన నిర్ణయం జీతాలది. వచ్చే డబ్బుని అందరికీ సమానంగా పంచితే ఎవరూ ఉద్యోగం మానలేరు. ఎవరూ మానకపోతే పగలు బడికి వెళ్ళి ఆడేవాడే ఉండడు. కనుక ముగ్గురికి నెల జీతం, మిగతావాళ్ళకి ఆడిన రోజుకి ఇంత అని ప్రతిపాదించాను. ముగ్గురిలో ఇద్దరు కుర్ర నటులు. మూడో మనిషి నటి కాదు, పాత రిసెప్షన్ అమ్మాయి. బుకింగులు, వ్యాను, రసీదులు, బాకీల వసూలు ఆమె పని.

పెద్దాయన మండిపడ్డాడు. 'ఇరవై ఏళ్ళు మొహానికి రంగేసుకున్నది నేను. మొదటి జీతం ఫోను ఎత్తే పిల్లకా?'

'ఆమె ఫోను ఎత్తకపోతే మీ పేజీలో గీత పడదండీ' అన్నాను. లెక్క ప్రకారం సరైన మాటే. అన్న తీరు సరైనది కాదు. ఆయన ఏడాదిన్నర రాలేదు. ముందు ఆయన ఇంటికి వెళ్ళి, ఒక్కడితో మాట్లాడి, తర్వాత మీటింగులో పెట్టి ఉండాల్సింది.

ఇంకొకటి నాటకాల నిల్వ. ఇక్కడ సురభివాళ్ళు గుర్తొచ్చారు. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన ఆ కుటుంబ సమాజాలు ఊళ్ళో దిగితే రోజుకో నాటకం వేసేవి. జనం మళ్ళీ వచ్చేది నాటకం మారుతుంది కనుక. మేమూ మూడు నాటకాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకున్నాం. పోయినేడు కొన్న బడి ఈ ఏడు ఇంకొకటి కొంటుంది. పాతదాన్ని మళ్ళీ లేపడానికి నాలుగు రోజుల రిహార్సల్ చాలు, కొత్తదానికి ఏడు వారాలు. జీతం నిలబడింది నిజానికి ఈ తేడా మీదే.

తుపానుల కాలంలో కొత్త నాటకాల రిహార్సల్ పెట్టుకున్నాం. మూడో నంబరు హెచ్చరిక పడితే దేశమే ఆగిపోతుంది, ప్రదర్శన పెట్టుకోవడం వృథా. 2021 మార్చిలో రెండో లాక్‌డౌన్ వచ్చి పరీక్షల తేదీలు వెనక్కి జరిగి మా క్యాలెండర్ కూడా చెదిరింది. అడ్వాన్సులు చేతిలో ఉండబట్టి ఆ మూడు జీతాలు ఆగలేదు.

ఎక్కడిదాకా వచ్చింది

2023 చివరికి జీతగాళ్ళ పేజీల్లో ఏడాదికి నూట అరవై గీతలకు పైనే ఉన్నాయి. మిగతావాళ్ళకి నలభై దాకా. జీతాలు ఇంకా మూడే. నాలుగోది ఇవ్వాలంటే గ్రాంటు కావాలి. గ్రాంటు మీద జీతం పెట్టకూడదని నా వాదన, అది ఆగిన నెల మనిషి రోడ్డు మీద పడతాడు. దర్శకురాలు ఒప్పుకోదు. ఎప్పుడూ చిన్న నాటకాలే ఆడితే నటులు కుంచించుకుపోతారంటుంది. ఆమె మాటలో నిజముంది. రెండేళ్ళకొకసారి గ్రాంటుతో ఒక పెద్ద నాటకం, అందులో రిహార్సల్‌కి కూడా డబ్బు, అన్న షరతు మీద రాజీపడ్డాం. ఆ ఏడాదే కళాకారుల హోదా మీద చట్టం కూడా వచ్చింది. కళాకారుడిగా నమోదు కావడానికి చూపించాల్సిన కాగితాలు మా వాళ్ళ దగ్గర అప్పటికే ఉన్నాయి, చిట్టా పుస్తకం పుణ్యమా అని.

ఇలాంటి పనికి మళ్ళీ పిలిస్తే మొదటి వారంలోనే ఆ పుస్తకం తెరుస్తాను, బస్సుల టైమ్‌టేబుల్ గోడకి అంటిస్తాను. బుకింగ్ చూసే మనిషిని నటుల కన్నా ముందు వెతుకుతాను.

పెద్దాయన రిటైరై తిరిగొచ్చాడు. చేతిలో తెలుగు నాటకోత్సవానికి ఆయన రాసుకున్న స్క్రిప్టు ఉంది, తెలుగు మాటలు రోమన్ అక్షరాల్లో. ఆయనకి తెలుగు భజనలో వచ్చు, మాటల్లో తడుముకుంటాడు. దీన్ని పోటీ తర్వాత పారేయకుండా నిల్వలో పెట్టొచ్చా అని అడిగాడు. తెలుగు తెలిసిన ప్రేక్షకులు ఎంతమంది అని నేను మొదలుపెట్టేలోపు, బుకింగ్ అమ్మాయి కాగితం మీద రాయడం మొదలుపెట్టింది: ఉగాది రోజుల్లో నాలుగు సంఘాలు, రామభజనం చేసే గుళ్ళు మూడు, తెలుగు చెప్పే బడులు రెండు. 'క్రియోల్ కేతిగాణ్ణి ఇందులోనూ పెడితే తొమ్మిది అమ్మగలను' అంది. పెద్దాయన తన పేజీ తెరిచి, ఇంకా పడని ఆ తొమ్మిది గీతల జాగాలో పెన్సిల్‌తో తొమ్మిది చుక్కలు పెట్టుకున్నాడు.